గొంతు కూడా ఎదురొస్తుందట!

ఆ రోజుల్లో మా కొల్లేటి లంకల్లో పొద్దున్నే పనికి బయలుదేరే మగవాడికి రెండే భయాలుండేవి. ఒకటి మబ్బు. మబ్బు పట్టి గాలి ఆగిపోయిందంటే చెరువులో చేప ఊపిరాడక పైకి తేలుతుంది. రెండోది నేను. నేనంటే అచ్చంగా నేనే కాదు, నాలాగా బొట్టు లేని ఏ ఆడదైనా సరే. మబ్బుకైతే విరుగుడుంది, ఇంజను పెట్టి నీళ్ళు చిమ్మిస్తే సరిపోతుంది. మాకు విరుగుడు లేదు, మేమే తప్పుకోవాలి. వీధి చివర ఎవరో వల భుజాన వేసుకుని వస్తున్నారంటే చాలు, చంకలో బిందె ఉన్నా, నెత్తిన గడ్డిమోపు ఉన్నా, పక్క సందులోకి దూరి గోడకి మొహం పెట్టి నిలబడాలి. వాళ్ళు దాటిపోయాక బయటికి రావాలి. పాతికేళ్ళు నిండీ నిండకుండానే మా ఊరి గోడలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఏ గోడకి పిడకలు కొడతారో, ఏ గోడ మీద ఏ పార్టీ గుర్తు వెలిసిపోయిందో, ఏ పగుల్లో చీమలు బారు కడతాయో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. బడికి సరిగ్గా వెళ్ళని నాకు అదే చదువు. ఇప్పుడు గోడకి మొహం పెట్టిన అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే జాలి కంటే కోపమే ఎక్కువ వస్తుంది. "ఇటు తిరగవే! వచ్చేది ఎవరో మొహం చూడవే!" అని అరవాలనిపిస్తుంది. చివరికి తిరిగింది లెండి. ఎలా తిరిగిందో చెబుతాను. (నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఇందులో నాజూకుగా ఉన్న మాటలన్నీ దానివి. మోటుగా ఉన్నవన్నీ నావి. వాటిని దిద్దితే ఊరుకోనని ముందే చెప్పాను.)

నా పుట్టిల్లు పెంటపాడు వైపు. అంతా వరి చేలు. చిన్నప్పుడు నా పని చేను గట్టున నిలబడి పిట్టల్ని తోలడం. డబ్బా కొట్టడం నాకు విసుగు, అందుకని నోటితోనే తోలేదాన్ని. నా కేక వింటే పిట్టలతో పాటు పక్క చేలో కూలీలు కూడా లేచి నిలబడేవారట. ఆ గొంతుతోనే కాపురానికి కొల్లేటి ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చాను. మా ఆయన చేపల వ్యాను నడిపేవాడు. తాడేపల్లిగూడెం బజారుకి చేప తీసుకెళ్ళి, వస్తూ వస్తూ నాకు జీళ్ళు తెచ్చేవాడు. పచ్చకామెర్లు వచ్చి పోయాడు. ఇంట్లో నేను, నడక కూడా సరిగ్గా రాని పిల్ల, మా అత్తగారు మిగిలాం. మా అత్తగారు కూడా నాలాంటిదే, నా కంటే చాలా ముందే బొట్టు తీసినావిడ. గోడల చదువులో నాకు గురువు ఆవిడే. "ఆ సందులో కుక్కుంది, ఈ సందులో దూరు" అని నేర్పింది.

నేను చేపల షెడ్డులో పనికి కుదిరాను. వలలో పడ్డ చేపని పెట్టెల్లో పేర్చి, మధ్యమధ్య ఐసు ముక్కలు కొట్టి పోసి, లారీ ఎక్కించాలి. ఐసు మర చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడదు. నా మాట మాత్రం అందరికీ వినబడేది. ఆ షెడ్డుకి ఎదురుగా మూతపడ్డ పాత ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని మేడ మీద గదిలో ఏలూరులో బడిపంతులుగా చేసి రిటైరైన ఒకాయన రేడియో పెట్టాడు. మన ఊరి సంగతులు మన ఊరికే చెప్పుకునే రేడియో అన్నమాట. చుట్టూ ఉన్న లంకల దాకా వినబడుతుంది, అంతకు మించి పోదు. అందరం ఆయన్ని రేడియో మాస్టారు అనేవాళ్ళం. గదిలో గోడలకి పాత బొంతలు, కోడిగుడ్ల అట్టలు అంటించాడు, బయటి చప్పుడు లోపలికి రాకుండా. ఏ చప్పుడూ రాలేదు, నా గొంతు తప్ప. ఒకరోజు ఆయన ఎవరో డాక్టరుగారి చేత మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పిస్తుంటే మధ్యలో "ఒరే, కట్ల చేపకి ఐసు చాల్లేదురా, ఇంకో గంప తగలెయ్!" అని వచ్చిందట. మాస్టారు మేడ దిగి వచ్చారు.

"ఏవమ్మా, ఆ అరుస్తున్నది నువ్వేనా?"

"అరవడం లేదండీ. మాట్లాడుతున్నానండీ."

"మాట్లాడితేనే ఇలా ఉంటే ఇక మైకెందుకు నాకు? చేతులు కడుక్కుని ఒకసారి పైకి రా."

అలా వెళ్ళాను పైకి. పొద్దున్నే వచ్చే కార్యక్రమం నాకు ఇచ్చారు. దాని పేరు 'తెల్లారింది'. వేళ్ళకి చేప వాసన పోకుండానే మైకు ముందు కూర్చున్నాను. ఫ్యాను తిరిగితే మైకులో గాలివాన వచ్చినట్టుంటుందని అది కూడా కట్టేసేవారు. చెమటలు కారిపోతుంటే గట్టిగా ఊపిరి పీల్చి, "లేవండమ్మా, లేవండి బాబూ! మన ఊరికి తెల్లారింది!" అన్నాను. మాస్టారు చెవులకి పెట్టుకున్నవి ఊడదీసి పక్కన పెట్టారు. (ఆ తరువాత ఎన్నాళ్ళు చేసినా నా కార్యక్రమానికి ఆయన అవి పెట్టుకోలేదు.)

ఏ లైనుకి కరెంటు ఎప్పుడు పోతుంది, కాలవ లాకు ఎత్తారా లేదా, ఏలూరు బస్సు వస్తుందా, ఎవరింట్లో పెళ్ళి, ఎవరి గేదె తప్పిపోయింది, మబ్బు పట్టింది ఇంజన్లు వేసుకోండి, ఇవీ నేను చెప్పేవి. అక్షరాలు కూడబలుక్కునే లోపల కార్యక్రమం అయిపోతుంది కాబట్టి పలక మీద బొమ్మలు గీసుకునేదాన్ని. బల్బు గీసి కొట్టేస్తే కరెంటు కోత. లడ్డూ గీస్తే పెళ్ళి. ఒకనాడు హడావుడిలో గీసిన గేదె నాకే దోనెలా కనబడింది. "నల్ల దోనె తప్పిపోయింది. ఒక కొమ్ము విరిగింది. నిన్నటి నుంచీ పాలు తియ్యలేదు. కనబడితే కట్టెయ్యండి" అని చెప్పేశాను. కొమ్మూ పాలూ నోటి నుంచి వచ్చేశాక గానీ అది దోనె కాదని తట్టలేదు. ఊరంతా వారం రోజులు నవ్వింది. గేదె మాత్రం ఆ సాయంత్రమే దొరికింది.

నవ్వితే నవ్వారు గానీ, ఆ పొద్దుటి వేళ నాకేమిచ్చిందో మీకు చెప్పాలి. తెల్లారితే గోడకి మొహం పెట్టాల్సినదాన్ని, గోడలన్నీ దాటుకుని ప్రతి ఇంట్లోకీ వెళ్ళిపోయాను. మంచాల పక్కకి, పొయ్యిల దగ్గరికి, చెరువు గట్టున కాపలా పాకల్లోకి. ఎవరూ నన్ను తప్పుకోమనలేదు. టీ కొట్టు దగ్గర పెద్ద పెద్దవాళ్ళు "హుష్, ఆగండర్రా, ఏం చెబుతోందో విననివ్వండి" అనేవారట. మా అత్తగారు మొదట్లో సిగ్గుతో చచ్చిపోయింది. "నలుగురూ మనింటి గొంతు వింటున్నారే" అని, నా కార్యక్రమం ఎవరికీ వినబడకుండా వినాలని రేడియో వచ్చే ఫోను తీసుకెళ్ళి ఖాళీ పప్పుల డబ్బాలో పెట్టుకుంది. రేకు డబ్బా కదండీ, మోత రెట్టింపై వీధి వీధంతా వినబడింది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి డబ్బా చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టాక ఆవిడ సిగ్గు మెల్లగా పోయింది. పైగా ఎవరైనా మధ్యలో మాట్లాడితే కసురుకునేది కూడా.

ఇలా సాగుతుండగా పెద్ద చెరువు మామయ్యగారి పట్టుబడి వచ్చింది. ఆయన నాకు మామయ్య కాదు, ఊరంతా అలాగే పిలుస్తారు. మా వైపు చెరువుల్లో పెద్దది ఆయనదే. రేడియో ఉన్న మేడ కూడా ఆయనదే, అందుకని రేడియో కమిటీకి పెద్ద కూడా ఆయనే. మాట నెమ్మది, మనిషి నెమ్మది, నడిస్తే చెప్పుల చప్పుడు కూడా వినబడదు. చెరువులో పెంచిన చేపని ఒక్క రోజున వల లాగి పట్టి అమ్మడమే పట్టుబడి. ఏడాది కష్టం ఆ ఒక్క పొద్దున్న తేలిపోతుంది. ఆ రోజున ఇంట్లో గట్టిగా తుమ్మడానిక్కూడా భయపడతారు. ఆయన చెరువులో ఎప్పటి నుంచో ఒక తుమ్మ మొద్దు ఉంది. తీయిస్తాను తీయిస్తాను అంటూనే ఉన్నాడు. వల దానికి తగులుకుని నిలువునా చిరిగింది. సగం చేప వెనక్కి పోయింది. ఆ మధ్యాహ్నం ఆయన రేడియో గదికి వచ్చి, బొంతల మధ్య కూర్చుని, ఎంతో మర్యాదగా నా నెత్తిన బండ వేశాడు.

"అమ్మాయ్, నీమీద నాకు కోపం లేదు సుమా. నువ్వు మా ఇంటి పిల్లవే. కానీ ఇవాళ పొద్దున్న కళ్ళు తెరవగానే మొదట విన్నది నీ గొంతే."

"నేను మీకు ఎదురు రాలేదు కదండీ."

"మనిషి రాలేదమ్మా, గొంతొచ్చింది. వీధిలో వస్తే ఓ నిమిషం ఆగి వెళతాం. తలగడ పక్కకే వచ్చేస్తే మంచం మీద ఎక్కడికని తప్పుకుంటాం, నువ్వే చెప్పు?"

"వల మొద్దుకి తగిలిందట కదండీ మామయ్యగారూ?"

"మొద్దు ఎప్పుడూ ఉన్నదే కదమ్మా. ఇవాళే ఎందుకు తగలాలి?" అన్నాడు. ఆయన దృష్టిలో అది తిరుగులేని మాట.

ఆ గదిలోనే కమిటీ కూర్చుంది. గొంతు రావడం కూడా ఎదురు రావడం కిందికి వస్తుందా రాదా అని చర్చ. తేలక, గుడి పంతులుగారిని పిలిపించారు. ఆయన పాపం ఉత్తముడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలుసుకుని, ఆ లోపలే మోటారు వేసుకోవాలని రోజూ నా కార్యక్రమం వినేవాడు. నా వంక ఓసారి, మామయ్యగారి వంక ఓసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

"మనిషి ఎదురు రావడం గురించి చెప్పారండీ. పిల్లి గురించి చెప్పారు, కట్టెలమోపు గురించి చెప్పారు. రేడియో గురించి మాత్రం పెద్దలెవరూ చెప్పలేదండీ."

"పోనీ, మీరు చెప్పండి" అన్నారు మామయ్యగారు.

"అంత అనుమానంగా ఉంటే, విన్నవాళ్ళు వెంటనే తలస్నానం చేస్తే సరిపోతుందండీ."

"రోజూ వింటాం కదండీ. రోజూ పొద్దున్నే తలస్నానమా?"

"చేస్తే మంచిదే కదండీ!" అన్నారు పంతులుగారు. మాస్టారు నవ్వు ఆపుకోలేక బొంతల వైపు తిరిగిపోయారు. మామయ్యగారికి మాత్రం నవ్వు రాలేదు. మేడ ఆయనది కాబట్టి తీర్పు కూడా ఆయనదే. పొద్దుటి కార్యక్రమానికి ఆయన భార్య అక్క కూతురు వస్తుంది, ఏలూరులో చదువుకున్న పిల్ల, కొత్తగా పెళ్ళయింది, ముత్తైదువ. నాకు మధ్యాహ్నం వంటల కార్యక్రమం. జీతం మాత్రం అదేనట.

"జీతం తగ్గదమ్మా" అన్నారు మాస్టారు, నేల చూస్తూ.

"జీతం గొడవ కాదండీ. మధ్యాహ్నం నేను ఎవరికి ఎదురొస్తానండీ? అందరూ అన్నాలు తిని పడుకుంటారు. నాకు పొద్దున్నే కావాలండీ" అన్నాను.

"అంత పంతం పనికిరాదు" అన్నారు మామయ్యగారు, ఎంతో మెత్తగా.

"ముండమోపి గొంతు పనికిరాదని ఆ మాటే చెప్పండి మామయ్యగారూ. మైకు ఆన్‌లోనే ఉంది, నలుగురూ వింటారు" అన్నాను. (ఆ మాట వద్దమ్మా అంటోంది మా అమ్మాయి. రాయవే. ఆయన మర్యాద కోసం ఆ రోజు ఎవరూ అనకుండా మింగారు, నువ్వు కూడా మింగకు.) మైకు ఆన్‌లో లేదు. కానీ ఆయనకి ఆ సంగతి తెలియదు కదా, కుర్చీలోంచి అలా లేచి నిలబడిపోయాడు. నేను మెట్లు దిగి షెడ్డులోకి వెళ్ళి, ఐసు సుత్తి పట్టుకున్నాను. ఆ రోజు ఐసు ముక్కలు మరీ మెత్తగా, పిండిలా వచ్చాయని మేస్త్రీ తిట్టాడు.

ఏలూరమ్మాయి మంచి పిల్ల. తప్పు దానిది కాదు. కాగితం చూసి చక్కగా చదివేది. "శుభోదయం, ప్రియమైన శ్రోతలారా" అనేది. ఆ గొంతు ఎంత హాయిగా ఉండేదంటే, లేచినవాళ్ళు కూడా మళ్ళీ పడుకునేవారు. గాజులు మాత్రం మైకుకి తగిలి గలగలమనేవి, కరెంటు కోత వేళ చెప్పేటప్పుడే గలగలమనేవి. పంతులుగారు రెండుసార్లు నెత్తిన సబ్బు నురగతో ఉండిపోయారని తెలిసింది. నేను మాత్రం పొద్దున్నే వీధిలోకి వెళ్ళినప్పుడు మళ్ళీ ఆ పాత గోడల దగ్గరికే వెళ్ళి నిలబడ్డాను. ఇంతకు ముందు ఆ గోడలు అలవాటు. ఇప్పుడు ఇరుకు. మైకు ముందు కూర్చోక ముందు నాకు ఆ తేడా తెలియదు. అందుకే ఆ పొద్దుటి వేళ నాకు తిరిగి రావాలి. అది రాకపోతే నేను ఆ సందుల్లోనే ముసలిదాన్నయిపోతాను. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

అప్పుడు మేత తాత వచ్చాడు. పెద్ద చెరువుకి మేత కట్టేది ఆయనే. బస్తాలకి అడుగున చిల్లులు పొడిచి, తవుడు నింపి, తెప్ప మీద వెళ్ళి చెరువులో పాతిన గెడలకి వేలాడదీస్తాడు. చేప వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటుంది. తాతకి చెవుడు. అందుకని ఫోను మెడకి కట్టుకుని, మోత పూర్తిగా పెంచి, నా కార్యక్రమం మొదలవగానే తెప్ప తోసేవాడు, అయ్యేసరికి తిరిగి ఒడ్డుకి వచ్చేవాడు. గడియారం లేని మనిషికి నేనే గడియారం. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి చెవిలో చెబుతున్నానని అనుకుంటూ అరిచాడు.

"అమ్మడూ! చేప అలిగిందే!"

"అలగడమేంటి తాతా?"

"నువ్వు 'లేవండమ్మా' అనగానే గెడల దగ్గరికి గుంపులుగా వచ్చేసేది కదే. ఇప్పుడు ఆ గాజులమ్మాయి ఏదో జోల పాడుతోంది, ఒక్కటి రాదు. తవుడు బస్తాల్లోనే పులిసిపోతోంది. మామయ్యగారికి చెప్పా."

"చెబితే ఏమన్నారు?"

తాత అటూ ఇటూ చూసి ఇంకా గట్టిగా అరిచాడు. "నీ పాత కార్యక్రమం ఒకటి ఎవరి ఫోనులోనో దొరికితే తెప్పించాడే! రోజూ గట్టు మీద అదే పెడుతున్నాం. ఆ నల్ల దోనె, కొమ్ము విరిగింది ఉందే, అదే! రేపు ఆ మిగిలిపోయిన చేపకి మళ్ళీ పట్టుబడి. చేపని ఒక మూలకి రప్పించడానికి పెళ్ళి మైకు కూడా అద్దెకి తెచ్చాడు. ఎవరికీ చెప్పకేం!" షెడ్డులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. ఐసు మర కూడా ఆగి విన్నట్టనిపించింది.

చేపలు నిజంగా నా గొంతుకే వచ్చేవో, తాత తెప్ప కదిలిన చప్పుడుకి వచ్చేవో నాకు తెలియదు. చెప్పేవాళ్ళు చాలా చెబుతారు. మామయ్యగారు మాత్రం నమ్మాడు. నా గొంతు వల చింపుతుందని ఎంత గట్టిగా నమ్మాడో, నా గొంతు చేపని తెస్తుందని కూడా అంతే గట్టిగా నమ్మాడు. రెండు నమ్మకాలూ ఒకే బుర్రలో పక్కపక్కనే ఎలా కాపురం చేశాయో ఆయన్నే అడగాలి.

ఇంటికి వెళ్ళి అత్తగారికి చెప్పాను. ఊరుకో అంటుందనుకున్నాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది. "నా పెళ్ళయిన మూడో ఏటికే నన్ను గోడ వైపు తిప్పారే" అంది. "ఆ గోడల వైపు చూస్తూనే నా జుట్టు నెరిసింది. చేపకి పనికొచ్చే గొంతు మనిషికి పనికిరాదటా? రేపు పొద్దున్నే పద. నేనూ వస్తా."

"పట్టుబడి రోజు అత్తయ్యా. ఒక్కదాన్ని వెళితేనే గోలవుతుంది."

"అందుకే ఇద్దరం వెళదాం" అంది.

తెల్లవారుతుండగా బయలుదేరాం. పిల్లని పక్కింటి వాళ్ళకి అప్పగించి, ఉతికిన చీరలు కట్టుకుని, రోడ్డు మధ్యలో నడిచాం. పక్కనుంచి కాదు, సరిగ్గా మధ్యలో. ఎదురుగా సైకిలు మీద ఒకాయన వచ్చి, మా ఇద్దర్నీ చూసి, బ్రేకు వేసి సందులోకి తిప్పేశాడు. వల జట్టు వాళ్ళు ఇద్దరు వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, గోడ పక్కకి తప్పుకున్నారు. "అటు కాదు నాయనా, ఆ సందులో కుక్కుంది" అని చెప్పింది మా అత్తగారు, ఎంతో ప్రేమగా.

గట్టు ఎక్కేసరికే వినబడింది. పెళ్ళి మైకులోంచి, నీళ్ళ మీదుగా, పొగమంచులోంచి నా గొంతు. "లేవండమ్మా, లేవండి బాబూ! మన ఊరికి తెల్లారింది!" నా గొంతు నేను వినడం అదే మొదటిసారి. ఇంత బొంగురా అని సిగ్గుపడ్డాను. కంకర రోడ్డు మీద ఎడ్లబండి పోతున్నట్టుంది. కానీ ఆ మూలన నీళ్ళు కదిలాయండీ. అన్నం ఎసరు మరిగినట్టు చెరువు మూల మూలంతా కుతకుతలాడింది. "నల్ల దోనె తప్పిపోయింది" అంటోంది నా గొంతు, చేపలు మూతులు పైకెత్తి వింటున్నాయి. మామయ్యగారు మైకు పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని మురిసిపోతూ చూస్తున్నాడు. వెనక్కి తిరిగేసరికి మేం ఉన్నాం.

"ఏం తమ్ముడూ, కులాసానా?" అంది అత్తగారు. "ఎదురొచ్చాం."

ఆయన మొహం తెల్లబోయింది. పక్కకి తప్పుకుందామంటే ఒక వైపు చెరువు, రెండో వైపు కాలవ. "అక్కయ్యగారూ, ఇవాళ పట్టుబడండీ..."

"తెలిసే వచ్చాం."

నేను ముందుకి వెళ్ళాను. "మామయ్యగారూ, నా గొంతు మీ తలగడ దగ్గరికి రాకూడదు గానీ, మీ చెరువు గట్టుకి రావచ్చాండీ?"

"అది చేపల కోసమమ్మా..."

"చేపలకి శకునం లేదాండీ?"

"చేపలకేం తెలుసమ్మా, నువ్వు..." అని ఆగిపోయాడు.

"చెప్పండి. పూర్తి చెయ్యండి. నేనేమిటో చేపలకి తెలియదు. తెలియదు కాబట్టే వచ్చాయి, తింటున్నాయి, బలిశాయి. తెలిసిన మీరొక్కరే నష్టపోయారు."

వల జట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "నెమ్మదిగా అమ్మాయ్, నలుగురూ వింటున్నారు."

"నలుగురూ వినడానికే కదండీ రేడియో పెట్టింది!"

మా అత్తగారు గట్టు మీద కొంగు పరుచుకుని తాపీగా కూర్చుంది. "వల వేయించు తమ్ముడూ. మా ఇద్దరి మొహాలూ చూస్తూనే లాగండి. ఏమవుతుందో చూద్దాం" అంది. నేనూ పక్కన కూర్చున్నాను. పైకి బింకంగా కూర్చున్నానంతే. ఇవాళ కూడా వల చిరిగిందంటే నేను ఊళ్ళో తలెత్తుకోలేను. మొద్దు ఇంకా ఉందో తీయించాడో తెలియదు. వల దిగింది. జట్టు రెండు వైపులా నడుం లోతు నీళ్ళలో లాగుతోంది. నా కళ్ళు మొద్దు ఉన్న చోటు మీదే ఉన్నాయి. వల అక్కడికి వచ్చింది, దాటింది. (మొద్దుని ఆ వారమే తీయించాడట. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నాకు అన్ని చెమటలు పట్టేవి కాదు.) ఒడ్డుకి వచ్చేసరికి వల నిండా తెల్లగా కట్లా, ఎర్రగా రోహూ ఎగిరెగిరి పడుతున్నాయి. మా అత్తగారి ఒళ్ళో కూడా ఒకటి పడింది. ఆవిడ దాన్ని తోకపట్టి లేపి, "నీకు కూడా తెలియదా పాపం, మేమెవరమో?" అని మళ్ళీ వలలోకి విసిరింది.

ఇక చూడాలి మామయ్యగారిని. రెండు చేతులూ జోడించి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్, నీలో ఏదో ఉందమ్మా! తెలుసుకోలేకపోయాను. ఇక నుంచి ప్రతి పట్టుబడికీ నువ్వే ముందు ఎదురు రావాలి. చీర పెట్టి పిలుచుకుంటాను" అన్నాడు. జట్టు వాళ్ళు కూడా అవునవునన్నారు. ఒకడు మా చెరువుకి కూడా రండి అన్నాడు. నిన్నటి దాకా సందుల్లోకి తోసినవాళ్ళు ఇవాళ పూజకి సిద్ధం. నిజం చెబుతున్నాను, నాకు అసలు కోపం అప్పుడు వచ్చింది. ముందు వచ్చినదంతా దాని ముందు దిగదుడుపే.

"మామయ్యగారూ, నేను చెడ్డ శకునాన్నీ కాదు, మంచి శకునాన్నీ కాదండీ. మనిషిని. మీ చీర మీరే ఉంచుకోండి, ఎదురు రావడం నా పని కాదు. వార్తలు చెప్పడం నా పని. పొద్దున్నే చెబుతాను. మీ వల నిండినా చెబుతాను, చిరిగినా చెబుతాను."

"అలాగేనమ్మా, నీ ఇష్టం" అన్నాడు, అర్థమైందో లేదో గానీ.

మర్నాడు మాస్టారు షెడ్డుకి వచ్చారు. "పొద్దున్న నువ్వే చెయ్యాలట. చేపలు అలవాటు పడ్డాయి కదా అన్నారు ఆయన" అన్నారు నవ్వుతూ. అంటే నా కోసం కాదు, చేపల కోసమట! పోనీలెండి, ఇచ్చింది పుచ్చుకున్నాను. ఏలూరమ్మాయి సంతోషంగా మధ్యాహ్నం వంటలకి మారింది. గరిటె చప్పుడుతో ఆ గాజుల చప్పుడు చక్కగా కలిసిపోయింది. నేను తిరిగి మైకు ముందు కూర్చుని మొదటి వార్త ఇలా చెప్పాను: "లేవండమ్మా, లేవండి బాబూ! మొన్న పెద్ద చెరువులో పట్టుబడి బాగా పడింది. ఇద్దరు విధవలు గట్టున కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇక కరెంటు సంగతి..." ఇంట్లో డబ్బా చుట్టూ ఉన్న అమ్మలక్కలు చప్పట్లు కొట్టారని, మా అత్తగారు మాత్రం "హుష్, కరెంటు సంగతి విననివ్వండి" అని కసిరిందని తరువాత తెలిసింది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. పప్పుల డబ్బా నా దగ్గరే ఉంది. పొద్దుటి కార్యక్రమం ఇప్పుడు కుర్ర పిల్లలు చేస్తున్నారు. నన్ను అప్పుడప్పుడు పండగలకి పిలుస్తారు. గొంతు ఇంకా బొంగురుపోయింది, మైకుకి దూరంగా కూర్చోమంటారు. పొద్దున్నే నడకకి పెద్ద చెరువు గట్టు మీదికి వెళుతుంటాను. ఎవరూ లేకుండా చూసి, నీళ్ళ వైపు తిరిగి "లేవండమ్మా, లేవండి బాబూ!" అంటాను. ఒక్క చేపా రాదు. ఆ చేపలు ఎప్పుడో గూడెం బజారుకి వెళ్ళిపోయాయి, ఇవి వేరే పిల్లలు, వీటికి నేనెవరో తెలియదు. నాలో నేనే నవ్వుకుంటాను. ఈ మధ్య ఒకనాడు అలా నవ్వుకుంటూ తిరిగేసరికి, గట్టు మీద ఎదురుగా ఒక కుర్రాడు వల భుజాన వేసుకుని వస్తున్నాడు. ఇంత జరిగినా, ఇన్నేళ్ళు గడిచినా, నా కాళ్ళు ఒక్క క్షణం పక్కన గోడ ఎక్కడుందా అని వెతుక్కున్నాయి చూశారూ! గట్టు మీద గోడలుండవు. అతను దగ్గరికి వచ్చి, ఆగి, "మామ్మగారూ, ఇవాళ కరెంటు ఎప్పుడు పోతుందండీ?" అని అడిగాడు.